పదివేలలో ఒక్క రూపాయి: ఆర్థిక శాఖకు, భాషా సాంస్కృతిక శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి, భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు, శాసనసభ్యులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో సొంతిల్లు ఉన్నవాళ్లందరూ ఏటా ఇంటి పన్ను కడతారు. ఆ లెక్కలో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీల కోసం వసూలు చేస్తారు. నల్లకుంటలో మా రెండు గదుల ఇంటికి అది ఏడాదికి మూడు వందల చిల్లర అవుతుంది. చాలామంది ఆ వరుసను పట్టించుకోరు. ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి నా కన్ను ముందు అక్కడికే పోతుంది. చదువుకోవడానికి, మన సంగతులు మనం దాచుకోవడానికి ఈ ఊరి జనం పైసా పైసా ఇప్పటికే కడుతున్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది ఒకటే. సాహిత్యం, చరిత్ర, సంస్కృతి అని బడ్జెట్‌లో రాసే డబ్బులో పెద్ద వాటాను ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే పనికి ఇవ్వండి. తాళపత్రం చదివి నకలు రాసే పని, పాత పత్రికలు స్కాన్ చేసే పని, నిఘంటువు కూర్చే పని, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాట రికార్డు చేసే పని. వీటికి రిబ్బన్ కత్తిరించే రోజు ఉండదు, పేపర్లో ఫొటో రాదు. అందుకే బడ్జెట్ రాసేటప్పుడు ఇవి ఎవరికీ గుర్తుకు రావు. సభలు వద్దని నేననను. 2017 డిసెంబర్‌లో ప్రపంచ తెలుగు మహాసభలకు ఎల్బీ స్టేడియానికి నేనూ వెళ్లాను, అవధానం విని మనసారా చప్పట్లు కొట్టాను. ఐదు రోజుల తర్వాత స్టేడియం ఖాళీ అయింది. 1962లో అచ్చయిన ఒక పదకోశం మాత్రం ఇవాళ్టికీ పనికొస్తోంది.

ఆ పదకోశం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1957లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం అనే పని ఎత్తుకుంది. ఏ పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో రైతులను, నేతగాళ్లను అడిగి రాసుకోవడం ఆ పని. వ్యవసాయ పదాల సంపుటి 1962లో, చేనేత పదాల సంపుటి 1971లో వచ్చాయి.

మా నాన్న భువనగిరి దగ్గర పల్లె నుంచి బతుకుదెరువుకు ఈ ఊరొచ్చిన నేతగాడు. ఇక్కడ మగ్గం లేదు, ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. ఇంట్లో మాత్రం ఆయన మాటలన్నీ మగ్గం మాటలే. నేను ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే "ఏందే, ఆసు పోస్తున్నవా" అనేవాడు. చదువు సరిగ్గా లేకపోతే "పడుగే సక్కగ లేనప్పుడు పేకేం జేస్తది" అనేవాడు. పడుగంటే మగ్గం మీద నిలువు దారాలు, పేకంటే అడ్డం దారాలు. బడిలో ఒకసారి వ్యాసంలో ఆ మాట రాస్తే టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బీరువా దుమ్ము దులుపుతూ ఆ చేనేత సంపుటి తెరిచాను. పడుగు, పేక, నాడె, ఆసు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా నాన్న నోటి మాట అచ్చులో ఉంది, పక్కన ఏ ప్రాంతంలో ఎలా అంటారో వివరంతో సహా. పుస్తకం ఇంటికి పట్టుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుంటూ రెండు గంటలు చదివాడు. "రాసినోళ్లు మగ్గం గుంటల కూసోని రాసిండ్రు బిడ్డా" అన్నాడు.

అలా కూర్చుని రాసుకోవడానికి ఎవరో ఖర్చు పెట్టారు. మొదటి సంపుటికీ రెండోదానికీ మధ్య తొమ్మిదేళ్లు ఆగారు. ఆ తొమ్మిదేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా "ఈసారి చూపించడానికి ఏముంది" అని డబ్బు ఆపేసి ఉంటే మా నాన్న చదివిన ఆ పుస్తకం ఉండేది కాదు. 1983లో ఆ అకాడమీనే రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి అకాడమీల పనులు దానికి అప్పగించారు. ఒక ఇంటి సామాను ఇంకో ఇంటికి మార్చినవాళ్లకు తెలుసు, దారిలో ఎన్ని పోతాయో.

ఇలాంటి పనికి ఎంత ఓపిక కావాలో ఒక లెక్క చెబుతాను. పుణెలోని భండార్కర్ సంస్థ ఎక్కడెక్కడి రాతప్రతులో పోల్చి చూసి మహాభారతానికి సంశోధిత ప్రతి తయారు చేయడం 1919లో మొదలుపెట్టింది. 1966లో పూర్తిచేసింది. నలభై ఏడేళ్లు. ప్రధాన సంపాదకుడు సుక్తంకర్ 1943లోనే కన్నుమూశారు, ఆయన వదిలిన చోటి నుంచి ఇంకొకరు అందుకున్నారు. ఆ సంస్థకు సాయం చేసినవాళ్లలో మన ఏడో నిజాం కూడా ఉన్నాడు, ఆ ఆవరణలో నిజాం పేరు మీద అతిథి గృహం ఉంది. మన ఊరి డబ్బు ఒకప్పుడు అంత దూరం చూడగలిగింది.

ఇక పాత పత్రికల సంగతి. ఇది నా చేతుల మీదుగా జరిగింది. సిద్దిపేట వైపు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి 1940ల నాటి దినపత్రిక బైండు కావాలంది. ఆ రోజుల్లో వెట్టి మీద తిరగబడ్డ ఊళ్లలో వాళ్ల తాతగారి ఊరూ ఒకటట, ఆ వార్త కోసం వెతుకుతోంది. బైండును రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి పేజీ తిప్పబోతే మడత దగ్గర అప్పడంలా విరిగింది. న్యూస్‌ప్రింట్‌ను చెక్క గుజ్జుతో చేస్తారు. అందులో ఉండే ఆమ్లమే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ముందు పసుపు రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత పొడి. విరగడం ఎప్పుడూ మడత దగ్గరే మొదలవుతుంది, ఆ మడత మీద ఎప్పుడూ ఒక వార్త వరుస ఉంటుంది. బల్ల మీద రాలిన ముక్కలను ఆ అమ్మాయి అరచేత్తో పోగుచేసి "మేడం, వీటిని ఊడ్చెయ్యనివ్వకండి" అంది. ఒక కవర్లో వేసి పైన పత్రిక పేరు, తేదీ రాసి అదే అరలో పెట్టాను. నేను రిటైరైన రోజున కూడా ఆ కవరు అక్కడే ఉంది.

ఆ గది పక్క గదిలో ఒక వానాకాలం పైకప్పు కారింది. సెలవుల తర్వాత తలుపు తీస్తే ఇరవై బైండ్లు తడిసి ముద్దయ్యాయి. విడదీయడానికి చేతనైనంత ప్రయత్నించాం. ఫ్యాన్ కింద ఆరబెట్టాం, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి చూశాం. చివరికి వాటిని కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేశారు. ఆ లైబ్రరీ పేరు చెప్పను, అక్కడ పనిచేసినవాళ్ల తప్పు కాదది. పైకప్పు బాగుచేయించాలన్న కాగితం మూడేళ్లు టేబుళ్ల మీద తిరిగింది. పైకప్పుకు అప్పుడు అడిగింది అరవై వేలు.

మన పత్రికలు ఎలాంటివో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. ఇనుగుర్తి లాంటి పల్లెలో కూర్చుని ఒద్దిరాజు సోదరులు పత్రిక నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు ఈ నగరం నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చి సంచిక తెచ్చారు. ఇవాళ ఒక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం, చాలా సంతోషం. ఆయన పత్రికను తొలి సంచిక నుంచి చివరి సంచిక దాకా ఇంటర్ చదివే పిల్ల తన ఫోన్‌లో తిప్పి చదువుకోగలిగితే ఆయన పేరు పెట్టినందుకు ఇంకా నిండుగా ఉంటుంది. పత్రికను స్కాన్ చేసి వదిలేస్తే కూడా చాలదు. ఆ పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు, కిక్కిరిసిన ఒత్తులు ఉంటాయి, మెషీన్ చదివితే తప్పులు వస్తాయి. పక్కన కూర్చుని దిద్దే మనిషి కావాలి. ఆ మనిషికి నెలనెలా జీతం కావాలి.

"అప్పట్లో జనమే చేసుకున్నారు కదా, ఇప్పుడు సర్కారెందుకు" అని అడిగేవాళ్లున్నారు. నిజమే, ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీని 1901లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు లాంటివాళ్లు పూనుకుని పెట్టారు. 1906లో తెలుగు పుస్తకాలు అచ్చువేసిన విజ్ఞాన చంద్రికా మండలి అలాగే పుట్టింది. అప్పుడు తెలుగు చదువు సర్కారుకు పట్టని సంగతి. 1921లో వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద అనుమతి తెచ్చుకోవాల్సిన రోజులు కూడా చూశారు వాళ్లు. ఇవాళ్టి సర్కారు మేం ఓటేసి పెట్టుకున్నది, మా పన్నుతో నడుస్తున్నది. అదే ఊళ్లో అప్పటి ప్రభుత్వం ఉర్దూలో పైచదువులు చెప్పాలనుకుని 1917లో అనువాదాల కోసం దారుల్ తర్జుమా పెట్టింది, మరుసటి ఏడాది ఉస్మానియా వచ్చింది. ఒక భాషను నిలబెట్టాలని సర్కారు నిజంగా అనుకుంటే ఏం చేయగలదో ఈ నగరానికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకో ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా మేనల్లుడు డాక్టర్. "అత్తా, ఆస్పత్రిలో మందులకే డబ్బు చాలట్లేదు, నువ్వు తాటాకులకు నూనె రాయడానికి అడుగుతున్నావా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. 2025–26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో పదివేల రూపాయలకు ఒక్క రూపాయి తీస్తే 30 కోట్లవుతుంది. ఆ ఒక్క రూపాయి కోసం ఏ ఆస్పత్రిలోనూ మందు ఆపక్కర్లేదు. ఇవాళ పండుగలకీ సభలకీ పెట్టే ఖర్చు అందులో కలపకుండా, అచ్చంగా పనికే ఇచ్చే 30 కోట్లు అడుగుతున్నాను. వాడు కాసేపు ఆలోచించి "రాయి, రాయి" అన్నాడు.

పైగా ఆ కాగితాలు పనికిరానివని ఎవరన్నారు? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కన్ దస్తావేజులున్నాయి, జాగీర్ల, ఇనాముల కాగితాలున్నాయి. ఇనాం భూమి మీద తగాదా పడ్డ రైతుకు ముంతఖబ్ నకలు, అంటే ఇనాం హక్కును ఖరారు చేసిన పత్రం నకలు కావాలి. రెవెన్యూ వాళ్ల దగ్గర సర్వే నంబర్ల లెక్క రాసిన సేత్వార్ కావాలి, ఏ పొలం ఎవరిదో రాసిన 1954–55 ఖాస్రా పహాణీ కావాలి. పాత దస్తావేజులు ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటాయి. కొన్ని షికస్తా రాతలో ఉంటాయి, అక్షరాలు విరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే గొలుసుకట్టు అది. దాన్ని ధారాళంగా చదివేవాళ్లను నాకు తెలిసినంతలో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. అలాంటి ఒక కుర్రాణ్ణి ఒక ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు, ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. ఏడు నెలలు జీతం రాలేదు. ఇంటి అద్దె టెన్షన్ తట్టుకోలేక మానేసి బైక్ మీద పార్సిళ్లు డెలివరీ చేస్తున్నాడు. మూడు వందల ఏళ్ల నాటి రాత చదవగలిగిన పిల్లవాడు మా వీధిలోనే బెల్ కొట్టి ఓటీపీ అడిగాడు. ఏం మాట్లాడాలో తెలియక మంచినీళ్లిచ్చాను.

పనికొచ్చేదానికే డబ్బివ్వాలన్న మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనం ఉంది. అందులో మూడు కంద పద్యాలున్నాయి, నన్నయకు ముందటివి. ఆ రాయితో ఏ భూమి తగాదా తేలదు. కానీ ఎండలో గుట్టెక్కి, రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అదిమి కొట్టి, పైన సిరా అద్ది శాసనాల నకళ్లు తీసేవాళ్లుంటారే, వాళ్ల పని వల్లే మన పద్యం వయసెంతో మనకు తెలిసింది. పరబ్రహ్మశాస్త్రి గారు ప్రభుత్వ పురావస్తు శాఖలో ఉద్యోగం చేస్తూనే కరీంనగర్ జిల్లా శాసన సంపుటి తెచ్చారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందని అందరం మిఠాయిలు పంచుకున్నాం. ఆ హోదా కోసం చేసిన వాదన అంతా ఇలాంటి రాళ్ల మీద, ఇలాంటి ఉద్యోగుల పని మీద నిలబడ్డదే.

నోటిమాట సంగతి ఇంకా తొందరైనది. చేర్యాల పటాలను ఇప్పుడు డ్రాయింగు రూముల్లో తగిలించుకుంటున్నాం, బాగుంటాయి. అసలు ఆ పటం గోడకు పుట్టింది కాదు. కులాల వారీగా కథలు చెప్పేవాళ్లు పటాన్ని చుట్ట విప్పుకుంటూ రాత్రుళ్లు రాత్రుళ్లు చెప్పేవాళ్లు. అలాంటి ఒక పెద్దాయన ఉప్పల్‌లో కూతురింటికి వచ్చాడని తెలిసి వెళ్లాను. నా ఫోన్‌లోనే రికార్డు చేశాను. ఆరు గంటలకు ఫోన్ నిండిపోయింది. "ఇంక నాలుగు రాత్రుల కథ ఉన్నది తల్లీ" అన్నాడాయన. నా చేతిలో ఉన్న రెండు వేలిచ్చాను. తీసుకోవడానికి ఆయన మొహమాటపడ్డాడు, అంత తక్కువ ఇచ్చినందుకు నాకు సిగ్గేసింది. మళ్లీ వెళ్లేసరికి ఊరికి పోయాడన్నారు. ఆయన చెప్పింది విద్య. రికార్డు చేసుకునే ప్రొఫెసరుకు టీఏ, డీఏ ఉన్నప్పుడు చెప్పేవాళ్లకు రాత్రికింత అని గౌరవంగా రాసిపెట్టిన రేటు ఎందుకు ఉండకూడదు?

అమెరికాలో 1965లో చట్టం చేసి ఇలాంటి పనులకే ఒక జాతీయ సంస్థ పెట్టారు, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ అని. రాష్ట్రాల వారీగా పాత పత్రికలను స్కాన్ చేయించి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టడానికి అది డబ్బిచ్చింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి కొత్త ప్రభుత్వం నడుస్తున్న గ్రాంట్లను వెయ్యికి పైగా ఒక్కసారిగా రద్దు చేసింది. సగం అనువదించిన పుస్తకాలు, సగం రాసిన జాబితాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మన దగ్గర అకాడమీని రద్దు చేసిన 1983 నాకు వెంటనే గుర్తొచ్చింది. అందుకే ఏటా ఇచ్చే గ్రాంటు కాకుండా శాసనసభలో చట్టం చేసి ఒక నిధి పెట్టండి. మొదలైన పనికి కనీసం ఐదేళ్లు డబ్బు ఆగదని అందులో రాయండి. ప్రభుత్వం మారినా ఆగకూడదు.

డబ్బు ఎవరికి ఇస్తారన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మా రంగంలో తెలిసినవాళ్లకే పంచుకునే అలవాటు ఉందని నాకు తెలుసు, నేను కళ్లారా చూశాను. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించండి. ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కూ, పాలమూరులో సొంతంగా శాసనాలు వెతుక్కుంటూ తిరిగే బడిపంతులుకూ యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో సమానంగా అవకాశం ఉండాలి. ఎంపిక చేసేది పండితుల కమిటీ కావాలి, అందులో మంత్రులు, ఎమ్మెల్యేలు ఉండకూడదు. కాదన్నవాళ్లకు ఎందుకు కాదన్నారో రాసివ్వాలి. ప్రజల డబ్బుతో తయారైన ప్రతి స్కాన్, ప్రతి రికార్డింగు, ప్రతి నిఘంటువు ఉచితంగా అందరికీ దొరకాలి. పుస్తకాల అట్ట మీద ఏ నాయకుడి ఫొటో వద్దు. తేలిన చరిత్ర మీకు నచ్చకపోవచ్చు, ఏ కులానికో ఏ పార్టీకో ఇబ్బంది కావచ్చు. అయినా అచ్చు కావాలి.

వసూలైన సెస్సు ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థల ఖాతాలో పడాలి, ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు నింపాలి. కేంద్రం 2025–26 బడ్జెట్‌లో రాతప్రతుల కోసం జ్ఞాన భారతం మిషన్‌కు 60 కోట్లు పెట్టింది. దాంట్లో మన వాటా అడగాలన్నా మన దగ్గర ఏమేం ఉన్నాయో జాబితా చేతిలో ఉండాలి కదా. ఆ జాబితా రాయడానికి తాటాకు చదవడం వచ్చిన మనిషి ముందు ఉద్యోగంలో ఉండాలి.

మీలో ఎవరికైనా వీలు చిక్కితే ఒక పగలు రండి. నేను పనిచేసిన చోటికి తీసుకెళ్తాను. ఆ అమ్మాయి పోగుచేసిన ముక్కల కవరు ఏ అరలో ఉందో నాకు తెలుసు. ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు నకలు ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. గ్రంథాలయ సెస్సు ఉన్న వరుస కింద పెన్సిల్‌తో గీత గీశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్,
నల్లకుంట, హైదరాబాద్